కర్త లేని వాక్యం: జిల్లా పేజీలో మన చరిత్ర

(ఊరూ వాడా చరిత్ర – 9)

పోయిన వారం క్లాసు అయ్యాక ఒక సెకండియర్ పిల్లవాడు వచ్చి ఫోనులో ఒక పేపర్ క్లిప్పింగ్ చూపించాడు. "మేడమ్, మా ఊళ్లో మొన్న మనోళ్లని కొట్టారు. పేపర్లో ఇరువర్గాల ఘర్షణ అని వేశారు. మేం ఎవర్నీ కొట్టలేదు కదా, ఆ రెండో వర్గం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నాకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. ఈ భాగం ఆ పిల్లవాడి కోసం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఏప్రిల్ 14న మా పల్లె నుంచి అంబేద్కర్ పటంతో ఊరేగింపు తీశారు. రామాలయం వీధి మలుపులో కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మా వాళ్ల చేతుల్లో పటం, డప్పులు, కొబ్బరికాయలు. మా చిన్నాన్న కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో అడుగున వార్త వచ్చింది. గ్రామంలో ఇరువర్గాల మధ్య ఘర్షణ జరిగింది. పలువురికి గాయాలయ్యాయి. ఉద్రిక్తత నెలకొంది. పోలీసులు పికెట్ ఏర్పాటు చేశారు. అంతే. చిన్నాన్న మెడలో కట్టుతో అరుగు మీద కూర్చుని నా చేత ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత నవ్వాడు. "మనం కూడా కొట్టామంట చూశావా? ఏ చేత్తో కొట్టానో అడుగు."

తర్వాత నేను తెలుగు సాహిత్యం చదువుకున్నాను, పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు పిల్లలకి వ్యాకరణం చెప్తున్నాను. కర్త, కర్మ, క్రియ. ప్రతి ఏడాదీ ఆ పాఠం దగ్గర నాకు ఆ నాలుగు వాక్యాలే గుర్తొస్తాయి. ఘర్షణ జరిగింది: ఎవరు చేశారు? తెలీదు. గాయాలయ్యాయి: ఎవరు కొట్టారు? తెలీదు. ఉద్రిక్తత నెలకొంది: మంచు కురిసినట్టు అదంతటదే నెలకొంది. ఆ నాలుగు వాక్యాల్లో మనిషన్నవాడు కర్తగా ఉన్నది ఒక్కటే, పోలీసులు పికెట్ పెట్టిన వాక్యం. కర్ర పట్టుకున్నవాడు మాయమయ్యాడు. చెయ్యి విరిగినవాడు 'పలువురి'లో కలిసిపోయాడు.

ఇది ఆ విలేకరి ఒక్కడి దుర్మార్గం అనుకుంటే మనం చరిత్ర చదవనట్టే. ఆ వాక్యాన్ని తయారు చేసే యంత్రం ఎలా నడుస్తుందో చూడాలి.

తెలుగులో స్థానిక వార్తకి పెద్ద పీట వేసిన పత్రిక ఈనాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. పట్నం వార్తలకి పరిమితమైన పేపరు మండలం దాకా, ఊరి దాకా వచ్చింది. 1980ల చివరికల్లా జిల్లాకో చిన్న పేపరు మెయిన్ పేపరు మధ్యలో పెట్టి ఇవ్వడం తెలుగు పత్రికల అలవాటు అయిపోయింది. ఇది గొప్ప మార్పే, కాదనను. మన ఊరి పేరు అచ్చులో చూసుకున్నాం. బోరింగు పాడైతే వార్త, బస్సు రాకపోతే వార్త.

కానీ ఆ వార్త రాసేదెవరు? మండల కంట్రిబ్యూటర్. చాలామందికి జీతం ఉండదు. ఉన్నా పెట్రోలుకి చాలదు. జనవరి ఒకటికి, సంక్రాంతికి, నాయకుడి పుట్టినరోజుకి శుభాకాంక్షల యాడ్లు తెస్తే వచ్చే కమీషనే ఆదాయం. యాడ్ ఇచ్చేదెవరు? ఎరువుల కొట్టు, రైసు మిల్లు, సర్పంచి, ఎంపీపీ, కాంట్రాక్టర్. రాత్రి ఊళ్లో మనల్ని కొట్టినవాళ్లలో ఆ యాడ్ ఇచ్చినవాడి తమ్ముడో బావమరిదో ఉంటాడు. ఉదయం విలేకరి ఆ వాక్యం రాయాలి. 'కొట్టారు' అని రాస్తే సంక్రాంతి యాడ్ పోతుంది. 'ఘర్షణ జరిగింది' అని రాస్తే ఎవరికీ కోపం రాదు, మనకి తప్ప. మన పల్లె నుంచి ఫుల్ పేజీ యాడ్ ఎప్పుడూ వెళ్లలేదు.

ఇక ఆ వాక్యం ఎక్కడికెళ్తుందో చూడండి. జిల్లా పౌరసంబంధాల అధికారి ఆఫీసులో పొద్దున్నే పేపర్లు కత్తిరించి కలెక్టరు బల్ల మీదకి పంపుతారు. ఎమ్మెల్యే కాఫీ తాగుతూ చదివేది అదే పేజీ. స్టేషన్‌లో ఎస్సైకి ఆ మాట బాగా పనికొస్తుంది. ఘర్షణ అన్నాక రెండు వైపులా కేసులు కట్టాలి కదా! 1989లో వచ్చిన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అయితే దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి, ముందస్తు బెయిలు దొరకడం కష్టం. అందుకే మన కేసుకి ఎదురు ఒక కౌంటర్ కేసు పుడుతుంది. చెయ్యి విరిగినవాడు ముద్దాయి కూడా అవుతాడు. ఆ తర్వాత పెద్దమనుషులు వస్తారు: "మీరూ తీసుకోండి, వాళ్లూ తీసుకుంటారు, ఊళ్లో కలిసి బతకాలి." రాజీ. మా చిన్నాన్న కేసు సరిగ్గా అలాగే ముగిసింది. రాజీ కాగితం మీద వేలిముద్ర ఎడం చేత్తో వేశాడు.

ఇప్పుడు కారంచేడుకి వెళ్దాం.

1985 జులై 16. మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే కత్తి చంద్రయ్య అనే కుర్రవాడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన మీదకొచ్చిన దెబ్బకి బిందె అడ్డం పెట్టింది. మర్నాడు పొద్దున్నే కమ్మ భూస్వాములు, వాళ్ల మనుషులు మాదిగపల్లె మీద పడ్డారు. తరిమి తరిమి కొట్టారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. చూడండి, ఈ వాక్యాలన్నింటికీ కర్తలున్నారు. రాయడం ఏమంత కష్టం కాదు.

అప్పటికి ఎన్టీఆర్ రెండోసారి గెలిచి నాలుగు నెలలు. కారంచేడు ఆయన అల్లుడి సొంతూరు. రాష్ట్ర రాజకీయం, ఊరి పెత్తనం ఒకే ఇంట్లో కూర్చున్న ఊరది. అలాంటి ఊళ్లో ఉండి మన వాక్యం మనం చెప్పుకోలేమని కారంచేడు మాదిగలకి ఏ జర్నలిజం కాలేజీలోనూ చదవకుండానే అర్థమైంది. వాళ్లు చీరాల వచ్చేశారు. మెయిన్ లైను రైళ్లు ఆగే ఊరు, ఆసుపత్రి ఉన్న ఊరు. అక్కడ శిబిరం పెట్టుకున్నారు. తిరిగి ఊళ్లోకి వెళ్లం అన్నారు. ఆ ఒక్క నిర్ణయం ఎంత పెద్దదో ఆలోచించండి. ఊళ్లో ఉంటే అది 'రెండు వర్గాల గొడవ'. చీరాల శిబిరంలో వందల మంది పిల్లాజెల్లాతో కూర్చుంటే దాన్ని గొడవ అని ఎవడూ అనలేడు. వచ్చినవాడల్లా "ఎవరు చేశారు?" అని అడగాల్సిందే. వాళ్లు పేరు పెట్టి చెప్పారు.

అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం రాజీనామా చేసి వచ్చారు. కత్తి పద్మారావు లాంటి వాళ్లు ఊరూరూ తిరిగారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. పౌరహక్కుల వాళ్లు నిజనిర్ధారణ నివేదికలు వేశారు. నా దృష్టిలో తెలుగు వచనంలో నిజనిర్ధారణ నివేదిక ఒక సాహిత్య ప్రక్రియ. దాన్ని సిలబస్‌లో పెట్టాలి. ఎందుకంటే అందులో తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, కర్త ఉంటాడు. కారంచేడు బాధితులు ఇప్పటికీ చీరాల విజయనగర్ కాలనీలో ఉన్నారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. 23 ఏళ్లకి ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు.

ఆరేళ్ల తర్వాత చుండూరు. తెనాలి సినిమా హాల్లో ఒక దళిత కుర్రవాడి కాలు ముందు సీటువాడికి తగిలిన దగ్గర మొదలైంది. దాదాపు నెల రోజులు దళితులను సాంఘికంగా బహిష్కరించారు. కూలి లేదు, కౌలు లేదు. కూలికి పిలవకపోవడం వార్త అవదు. బహిష్కరణకి శవం ఉండదు, ఫొటో ఉండదు, కాబట్టి జిల్లా పేజీకి అది కనబడదు. 1991 ఆగస్టు 6న, ఊళ్లో పోలీసు పికెట్ ఉండగానే, రెడ్డి, తెలగ కులాల గుంపు పొలాల్లో వెంటాడి ఎనిమిది మంది దళితులను నరికి చంపింది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు.

ఆ ఎనిమిది మందిని ఊరి శ్మశానానికి పంపలేదు మనవాళ్లు. ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. పేపరు సాయంత్రానికి పొట్లం అవుతుంది. సమాధి అవదు. ఆ ఊళ్లో నడిచే ప్రతివాడూ ఈరోజుకీ దాన్ని చదువుకుంటూ వెళ్లాల్సిందే. ప్రత్యేక కోర్టు కూడా చుండూరులోనే పెట్టాలని పోరాడి సాధించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో, ఎవర్ని చంపారో ప్రాసిక్యూషన్ నిరూపించలేదని చెప్పింది. ప్రాణభయంతో పొలాల్లో పరిగెత్తినవాడు గడియారం చూసుకోలేదని తప్పుపట్టినట్టుంది. దాని మీద సుప్రీంకోర్టుకి అప్పీలు వెళ్లింది. నేను చెప్పేది ఆ తీర్పు పేపరు వల్ల వచ్చిందని కాదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రోజు కర్త అక్కర్లేదంటారు, "ఘర్షణ జరిగింది" చాలంటారు. ఇరవై ఏళ్ల తర్వాత కర్త ఎవరో, ఏ దెబ్బ ఎవరిదో విడివిడిగా చెప్పమంటారు. అందరికీ తెలిసిన రోజు రాయనివ్వరు, సాక్షులు ముసలివాళ్లై చనిపోయాక అడుగుతారు.

2012 జూన్ 12న లక్ష్మింపేటలో, మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి కోసం ఐదుగురు దళితులను చంపినప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. హాస్టల్లో పేపరు పరిచి ఎర్ర పెన్నుతో క్రియల కింద గీతలు గీశాను. 'జరిగింది', 'చోటుచేసుకుంది', 'దారితీసింది' లాంటివి ఎక్కడున్నాయా అని వెతకడం ఆ రోజు నుంచి నాకు అలవాటు అయిపోయింది.

ఇది తెలిసే మన పెద్దలు సొంత పత్రికల కోసం తిండి మాని తిరిగారు. అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' తెచ్చారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. చుండూరు కాలానికి తారకం గారి 'నలుపు' ఉంది. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చినప్పుడు ఇది కవిత్వమా అని ముక్కు విరిచినవాళ్లకి అప్పుడు అర్థం కానిది ఒకటుంది: పేపరు వదిలేసిన కర్తని ఆ కవులు వెనక్కి తెచ్చారు.

ఇప్పుడు మన చేతుల్లో ఫోనులున్నాయి. యాడ్ ఇచ్చేవాడికి భయపడక్కర్లేదు. మరి మనమేం రాస్తున్నాం? 'అమానుషం', 'దారుణం', 'ఎన్నాళ్లీ అణచివేత' అని రాస్తున్నాం. ఊరి పేరు ఉండదు, తేదీ ఉండదు, కేసు నంబరు ఉండదు. మన పోస్టులోనూ కర్త లేడు! రెండు రోజులు షేర్లు, మూడో రోజుకి మర్చిపోతాం.

ఇంకొకటి, చేదుగా ఉన్నా చెప్పాలి. కర్త మనవాడైనప్పుడు? పల్లెలో మన ఆడపిల్లని మన కుర్రాడే కొడితే 'కుటుంబ గొడవ' అంటాం. మాల మాదిగల మధ్య ఒకరు ఒకర్ని అవమానిస్తే 'రెండు వైపులా తప్పుంది' అంటాం. నేను కూడా ఒకసారి అలాగే అన్నాను. నా స్టూడెంట్ ఒకమ్మాయి నల్లబడిన చెంపతో వచ్చి నా ముందు కూర్చుంటే, ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందని "సర్దుకోండమ్మా" అన్నాను. రాజీకి మా చిన్నాన్న ఇంటికి వచ్చిన పెద్దమనుషుల గొంతు నా నోట్లోంచి వచ్చింది. ఆ అమ్మాయి మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఈ వ్యాసంలో కర్తని దాచకూడదు కాబట్టి రాస్తున్నా: ఆ మాట అన్నది నేను.

కాబట్టి, ఆ సెకండియర్ పిల్లవాడికీ మీకూ ఒక పని చెప్తాను. మీ ఊళ్లో ఏదైనా జరిగితే ఆ రాత్రే ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరు, ఎవర్ని, ఎక్కడ, ఎన్ని గంటలకి, దేంతో, ఎవరు చూశారు. ఫిర్యాదు కాపీ, ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి చీటీ, మర్నాటి జిల్లా పేజీ అందులో అంటించండి. ఫొటోలు తీసి ఇంకో ఇద్దరి దగ్గర దాచండి. కవిత్వం తర్వాత రాద్దురు. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు టైమెంతని అడిగితే చెప్పడానికి ఆ నోటుబుక్కు ఉండాలి.

ఆ పిల్లవాడు నిన్న మొదటి పేజీ పంపాడు. మొదటి వాక్యంలో కొట్టినవాళ్ల పేర్లు నాలుగున్నాయి. కింద చూసినవాళ్ల పేర్లు మూడున్నాయి. అందులో ఒకటి వాళ్ల అమ్మది.

వచ్చే వారం: రాజీ కాగితాల చరిత్ర. మీ ఇళ్లలో పాతవి ఉంటే వెతికి పెట్టండి.

జై భీమ్.