అమ్మ వెనకాల నుయ్యి

మా పుట్టింటి ఇల్లు అమ్మేసి ఆరేళ్ళయింది. కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టేశారు. తాళాలు ఇచ్చేసే ముందు రోజు అమ్మ పెరట్లో నుయ్యి దగ్గర నిలబడి, "ఒసేయ్, ఒక్క ఫోటో తియ్యమనవే పిల్లని" అంది. మా అమ్మాయి కొత్త ఫోన్ తీసి టక్కున నొక్కింది. ఎంత బాగా వచ్చిందో! అమ్మ నెరిసిన జుట్టు, ముక్కుపుడక, చీర అంచులో జరీ పోగులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వెనకాలంతా ఆకుపచ్చగా, మెత్తగా కరిగిపోయింది. అచ్చం పత్రిక ముఖచిత్రంలా ఉందని అందరం మురిసిపోయాం.

మొన్న సంక్రాంతికి దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి అమ్మకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నుయ్యేదే?" అంది.

"నీ వెనకాలే ఉందమ్మా. బ్లర్ అయింది."

"నా మొహం రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాగా. నేను తియ్యమన్నది నుయ్యిని."

నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయిని అడిగితే, ఆ ఫోన్ ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశానంది. మా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో పంపుకున్న కాపీ ఒక్కటే. అప్పట్నుంచీ ఈ బ్లర్ అనేది ఎక్కణ్ణుంచి వచ్చి మన ఫోటోల్లో కూర్చుందో తెలుసుకోవాలని పట్టుకుంది నాకు. దొరికినకొద్దీ చదివాను. చదివింది మీకూ చెబుతాను.

మొదట్లో బ్లర్ ఎవరూ కోరుకున్నది కాదు, తప్పనిసరై వచ్చింది. ఫోటో అనేది పుట్టిన కొత్తలో ఒక్క ఫోటో కోసం నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే లెక్కల ప్రొఫెసరు మనుషుల ఫోటోల కోసం ఒక లెన్సు తయారుచేశాడు. అది అంతకు ముందు లెన్సుల కంటే చాలా ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చేది. దాంతో కూర్చునే సమయం బాగా తగ్గింది. కానీ కిటికీ ఎంత పెద్దగా తెరిస్తే ఒక్క దూరంలో ఉన్నదే అంత స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా ఉన్నవి చెదిరిపోతాయి. లెన్సుల స్వభావమే అంత. అలా మధ్యలో మొహం తేటగా, చుట్టుపక్కలంతా మసగ్గా ఉండే ఫోటోలు మొదలయ్యాయి.

ఆ మసకని కావాలని వాడుకున్నవాళ్ళలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది ఒక ఇల్లాలి గురించి. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. పెళ్ళయ్యాక, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఉండగా, 1863 చివర్లో కూతురూ అల్లుడూ ఆవిడకి ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 48 ఏళ్ళు! కోళ్ళ గూడు ఖాళీ చేయించి స్టూడియో చేసుకుంది. బొగ్గుల కొట్టుని డార్క్‌రూమ్ చేసుకుంది. ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్‌ని కూర్చోబెట్టి మేరీమాతగా ఫోటోలు తీసింది. డార్విన్‌నీ, కవి టెన్నిసన్‌నీ కూడా తీసింది. ఫోకస్ సరిచేస్తూ ఉండగా ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడే ఆగిపోయేదట. అప్పటి ఫోటో పత్రికలవాళ్ళు ఈవిడకి కెమెరా పట్టుకోవడమే చేతకాదన్నట్టు రాశారు. ఈవిడ లెక్కచెయ్యలేదు. ఇప్పుడా ఫోటోలు పెద్ద పెద్ద మ్యూజియముల్లో ఉన్నాయి.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఇమోజెన్ కనింగ్‌హామ్ వంటివాళ్ళు కలిసి 'ఎఫ్/64' అని ఒక బృందం పెట్టారు. అది లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చేసే కొలత పేరు. అలా తీస్తే దగ్గరున్న రాయీ దూరంగా ఉన్న కొండా రెండూ స్పష్టంగా పడతాయి. మసక వద్దు, ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం అన్నది వాళ్ళ పట్టుదల.

మన దగ్గర స్టూడియోవాళ్ళు ఇంకో ఉపాయం చేశారు, గుర్తుందా? తెర! మా అమ్మానాన్నల పెళ్ళయిన కొత్తలో తీయించుకున్న ఫోటోలో వెనకాల పాలరాతి మెట్లు, పూలకుండీలు, దూరంగా ఒక సరస్సూ ఉంటాయి. అన్నీ గుడ్డ మీద రంగులే. ఉన్న ఇల్లు కనిపించకూడదు, లేని మేడ కనిపించాలి. వెనకాల ఉన్నదాన్ని దాచాలన్న కోరిక మనకి ఫోన్లతో రాలేదన్నమాట.

ఇక కంప్యూటర్ల కాలం. 1990లో ఫోటోషాప్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది. తీసేసిన ఫోటోలో వెనకభాగాన్ని తర్వాత మసక చెయ్యడం అలాంటి సాఫ్ట్‌వేర్లతో మామూలు పనైంది. దానికి ఎక్కువగా వాడేది 'గాసియన్ బ్లర్'. గాస్ అనే జర్మన్ గణిత మేధావి పేరది. ఫోటోలో ప్రతి చుక్క రంగునీ చుట్టుపక్కల చుక్కల రంగులతో కలిపేస్తుంది, దగ్గరి చుక్కలవి ఎక్కువ పాళ్ళలో, దూరం చుక్కలవి తక్కువ పాళ్ళలో. ముగ్గులో రంగుల మీద చెయ్యి రాస్తే ఎలా అలుక్కుపోతాయో అలాగ. అలుక్కుపోయిన ముగ్గుని మళ్ళీ విడదియ్యలేం కదా, ఇదీ దాదాపు అంతే. దీంట్లో అసలు కష్టం మనిషి అంచు వెంబడి కత్తిరించడం. జుట్టు పాయలు, జడలో మల్లెపూలు, నడుముకీ చేతికీ మధ్య ఖాళీ, ఇవన్నీ ఓపిగ్గా చెయ్యాలి. ఇలాంటి అందమైన మసకని ఇప్పుడు 'బొకే' అంటున్నారు. పూలగుత్తి కాదండోయ్! జపాన్ భాషలో 'బొకె' అంటే మసక. ముసలితనంలో మతిమరుపుకీ ఆ మాటే వాడతారట. అది చదివినప్పుడు కాస్త గుండె కలుక్కుమంది.

2016లో ఐఫోన్ 7 ప్లస్‌లో 'పోర్ట్రెయిట్ మోడ్' వచ్చాక ఈ పని ఫోనే చెయ్యడం మామూలైపోయింది. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. దగ్గరున్న వేలు ఎక్కువ జరిగినట్టుంటుంది, దూరపు గోడ తక్కువ. రెండు లెన్సులతో ఫోను కూడా అలాగే దూరం లెక్కకట్టి, వెనకాలున్నదంతా మసక చేసేస్తుంది. మరుసటి ఏడాది గూగుల్ పిక్సెల్ 2 ఒక్క లెన్సుతోనే ఆ పని చేసింది.

బ్లర్ మీద కోపంతో ఇదంతా చెబుతున్నాననుకునేరు. శ్వేత మాచనవజ్ఝల అనే ఇంజినీరు మైక్రోసాఫ్ట్‌లో పనిచేశారు. ఆవిడకి వినికిడి లేదు, పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకుంటారు. తల్లిదండ్రులతో వీడియో కాల్‌లో ఉండగా వెనకాల లైటు వల్ల వాళ్ళ మొహాలు కనబడక, దాన్ని ఆర్పమని అడగాల్సి వచ్చింది. వెనకాలున్నదాన్ని మసక చేస్తే మొహం మీదే దృష్టి నిలుస్తుంది కదా అన్న ఆలోచన ఆవిడకి అక్కడే పుట్టింది. 2018లో టీమ్స్‌లో ఆ సదుపాయం వచ్చింది. అక్కడ బ్లర్ ఒక కూతురికి అమ్మ మొహాన్ని దగ్గర చేసింది. లాక్‌డౌన్‌లో మావారి ఆఫీసు మీటింగుల్లో దండెం మీది బట్టల్నీ, కాఫీ గ్లాసుతో వెళ్ళే నన్నూ కలిపి మాయం చేసిందీ అదే!

ఏది ముఖ్యమో ఎవరో ఒకరు నిర్ణయించాలి. కామెరాన్ తన కళ్ళతో నిర్ణయించుకుంది. మా విషయంలో అమ్మనెవరూ అడగలేదు. మొహమే ముఖ్యమని ఫోను అనుకుంది, మేమూ సరేననుకున్నాం.

అందుకే ఒక మాట. కొన్ని ఫోన్లలో తీశాక కూడా ఎడిట్‌లోకి వెళ్ళి బ్లర్ తీసెయ్యొచ్చు. వాట్సాప్ కాపీలో ఆ వీలుండదు. అసలు ఫోటో దాచుకోండి. ఊరికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని మామూలు మోడ్‌లో కూడా ఒకటి తియ్యండి.

నేను వెతగ్గా వెతగ్గా మా తమ్ముడి పాత కీప్యాడ్ ఫోన్ మెమరీ కార్డులో ఒకటి దొరికింది. చిన్న లెన్సు కాబట్టి దగ్గరా దూరం అన్న తేడా లేకుండా అన్నీ పడ్డాయి. నేను కళ్ళు సగం మూసుకుని ఉన్నాను. వెనకాల నుయ్యి, గిలక, చేద, ఒరిగిన అరటిచెట్టు. అమ్మ కొంగు దోపుకుని బట్టలారేస్తోంది.

అమ్మ ఆ ఫోటో చూసి, "గిలక అప్పటికే అరిగిపోయింది, చూడు" అంది. ఇప్పుడు రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉన్నాయి.