రొమ్ము సాంద్రత: బెర్లిన్ నుంచి తార్నాక దాకా

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ఉన్నన్ని పరిశోధన సంస్థలు ఒక్కచోట కనబడడం మన దేశంలో అరుదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక వైపు. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న జాతీయ పోషకాహార సంస్థ దాని పక్కనే. కాస్త ముందుకెళ్తే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణ జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ. ఇవన్నీ ఉన్న హైదరాబాద్‌లోనే రొమ్ము క్యాన్సర్ దేశంలోకెల్లా ఎక్కువ. వయసు తేడాలు సరిచేసి లెక్కిస్తే లక్షమంది స్త్రీలకు ఏటా 48 కొత్త కేసులతో, 2020 జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో హైదరాబాద్ జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. ఈ జబ్బు గురించి ఇంత మాట్లాడుకుంటున్నా రొమ్ము సాంద్రత అన్న విషయం మాత్రం మన ఇళ్లలో వినబడదు.

సాంద్రత అంటే రొమ్ము గట్టిదనం కాదు, పరిమాణమూ కాదు. చేత్తో తాకితే తెలియదు. రొమ్ము ఎక్స్‌రే అయిన మమ్మోగ్రామ్‌లో కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులూ వాటిని పట్టి ఉంచే కణజాలమూ తెల్లగానూ కనిపిస్తాయి. తెలుపు ఎంత ఎక్కువుంటే సాంద్రత అంత ఎక్కువ. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. అందుకే దట్టమైన రొమ్ములో దాన్ని పట్టుకోవడం బియ్యంలో తెల్లరాయి ఏరడం లాంటిది.

ఈ చిత్రాల కథ బెర్లిన్‌లో మొదలైంది. 1913లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్ చేసి తీసేసిన దాదాపు 3000 రొమ్ములను ఎక్స్‌రే తీసి పరిశీలించాడు. 1949 ప్రాంతంలో ఉరుగ్వే వైద్యుడు రౌల్ లెబోర్న్ రొమ్మును అదిమి పట్టి చిత్రం తీస్తే స్పష్టత పెరుగుతుందని చూపాడు. 1960లో అమెరికాలో రాబర్ట్ ఈగన్ పద్ధతిని మెరుగుపరిచాక మమ్మోగ్రామ్ ఆస్పత్రుల్లో నిలదొక్కుకుంది. అప్పటిదాకా అందరి చూపూ గడ్డ మీదే. చుట్టూ ఉన్న తెలుపును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తెలుపే ఒక హెచ్చరిక అని 1976లో డెట్రాయిట్ రేడియాలజిస్టు జాన్ వుల్ఫ్ అన్నాడు. మమ్మోగ్రామ్‌లను నాలుగు రకాలుగా విడదీసి, దట్టమైన రకంలో క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువని రాశాడు. ఆయన చెప్పినంత తేడా తర్వాతి వాళ్లకు కనబడలేదు, వివాదం చెలరేగింది. టొరంటోలో నార్మన్ బాయిడ్ బృందం కంటి అంచనాను వదిలి సాంద్రతను శాతాల్లో కొలవడంతో సంగతి తేలింది. 2007లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, 75 శాతం పైగా దట్టంగా ఉన్నవారికి 10 శాతం లోపున్న వారికన్నా ముప్పు 4.7 రెట్లు. మమ్మోగ్రామ్ బాగుందని చెప్పిన ఏడాదిలోపే బయటపడే క్యాన్సర్లలో ఆ తేడా 17.8 రెట్లు. అంటే సాంద్రత రెండు పనులు చేస్తుంది: ముప్పును పెంచుతుంది, వచ్చినదాన్ని దాస్తుంది.

అయితే దట్టమైన రొమ్ము జబ్బు కాదు. నలభై దాటిన స్త్రీలలో సుమారు సగం మందికి ఉంటుంది. ఎక్కువభాగం వారసత్వంగా వస్తుంది. వయసుతో, ముట్లు ఆగాక తగ్గుతుంది. హార్మోన్ మాత్రలతో పెరగొచ్చు, రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్‌తో తగ్గొచ్చు. బరువు పెరిగితే సాంద్రత శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ధీమా పడకూడదు. ముట్లు ఆగాక ఊబకాయం తనంతట తానే ముప్పు.

ఈ జ్ఞానం డాక్టర్ల దగ్గరే ఉండిపోకూడదని పోరాడింది అమెరికాలోని కనెటికట్ రాష్ట్రానికి చెందిన నాన్సీ కాపెల్లో. ఏటా పరీక్ష చేయించుకుని, అంతా బాగుందన్న మాట వింటూ వచ్చిన ఆమెకు 2004లో ముదిరిన క్యాన్సర్ బయటపడింది. ఆమె పట్టుదలతో 2009లో ఆ రాష్ట్రం సాంద్రత సంగతి స్త్రీలకు తెలపాలని చట్టం చేసింది. 2024 సెప్టెంబరు 10 నుంచి అమెరికా అంతటా అదే నియమం. 2019లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం, అత్యంత దట్టమైన రొమ్ములున్నవారికి అదనంగా ఎమ్మారై చేస్తే, రెండు పరీక్షల నడుమ బయటపడే క్యాన్సర్లు సగానికి తగ్గుతాయని చూపింది.

మన దగ్గర ఎమ్మారై అందరికీ అందేది కాదు. 30 దాటిన స్త్రీలకు శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో చేసే పరీక్షనే 2016 కేంద్ర మార్గదర్శకాలు సూచించాయి. దాన్ని చులకనగా చూడొద్దు. టాటా మెమోరియల్ వైద్యులు ముంబైలో 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, ఈ పరీక్ష వల్ల 50 దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. పైగా మన స్త్రీలకు ఈ జబ్బు పాశ్చాత్యులకన్నా సుమారు పదేళ్లు ముందే వస్తోంది. ఆ వయసులో రొమ్ములు ఇంకా దట్టంగానే ఉంటాయి. మమ్మోగ్రామ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎక్కువ నష్టపోయేది మనమే.

అందుకే రెండు పనులు జరగాలి. తిండి, జన్యువులు, మందుల మీద పనిచేసే సంస్థలన్నీ పక్కపక్కనే ఉన్న తార్నాకలో, తెలుగు స్త్రీల సాంద్రతను వయసు, బరువు, కాన్పులతో కలిపి ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం చేపట్టాలి. ప్రతి మమ్మోగ్రామ్ రిపోర్టులో సాంద్రత ఏ తరగతో తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. అంతవరకూ మీరే అడగండి: దాదాపు అంతా కొవ్వే ఉన్న ఎ నుంచి అత్యంత దట్టమైన డి దాకా ఉన్న నాలుగు తరగతుల్లో నాది ఏది? సి లేదా డి అయితే అదనంగా స్కానింగ్ అవసరమా అని డాక్టరుతో మాట్లాడండి. చేతికి గడ్డ తగిలితే మాత్రం, మమ్మోగ్రామ్ బాగుందన్నా సరే, అదేమిటో తేలేదాకా ఊరుకోవద్దు.