దరఖాస్తు పెట్టని బాలిక

కళాశాలలలో స్త్రీపురుషుల సంఖ్యాభేదమును విచారించువారు సాధారణముగా ప్రవేశపు పట్టికలను తెఱతురు. దరఖాస్తు పెట్టిన బాలురలో నెందఱు చేరిరి, బాలికలలో నెందఱు చేరిరి యని చూచి, పాళ్లు సమానముగా నున్నచో తృప్తి చెందుదురు. దరఖాస్తే పెట్టని బాలిక యీ లెక్కలోనికి రాదు. చరిత్రను తిరుగవేసినచో కథలో పెద్దపాలు ఆమెదేయని మాకు తోచుచున్నది.

మద్రాసు వైద్యకళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. లండను విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చుటకు అప్పటికింకను మూడేండ్లు మిగిలియుండెను. ఇక్కడ తలుపు తెఱచియే యున్నది. అయినను ఆ నలుగురిలో తెలుగు స్త్రీ యొక్కతెయు లేదు. ఉండుటెట్లు? వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినదే 1874లో.

దుర్గాబాయమ్మగారి యుదంతము మఱింత విశదము. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయివచ్చిన పిమ్మట ఆమె కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ముగించి, వాల్తేరులో రాజనీతిశాస్త్రము చదువగోరిరి. వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. ఆమె తెలివిని గూర్చి కాదు. బాలికలకు వసతిగృహము లేదని. అంతట నామె పత్రికలో ప్రకటన వేయించిరి: వసతి లేక చదువు మానుకొన్న బాలికలు తనకు తెలుపవలసినదని. తెలిపినవారు కలరు! అందఱును గూడి వసతి నేర్పఱచుకొనిరి, ప్రవేశమును లభించెను. ఆ బాలికలను ఏ కళాశాలయు నిరాకరించి యుండలేదు. వారు అడుగనే లేదు, అంతే. 1958లో స్త్రీవిద్యపై నేర్పడిన జాతీయసంఘమునకు ఈమెయే అధ్యక్షురాలగుట ఎంతయు తగియున్నది.

2021–22 నాటి అఖిలభారత ఉన్నతవిద్యా గణనలో 4.33 కోట్ల విద్యార్థులుండగా, అందు 2.07 కోట్లు స్త్రీలు. సంతోషమే. కాని ఐ.ఐ.టి.లలో బాలికలు నూటికి 20 మంది యగుటకై 2018 మొదలు అదనపు స్థానములు కల్పింపవలసివచ్చెను. ఆ పరీక్షకు ఏండ్ల తరబడి శిక్షణ కావలెను. శిక్షణకు సొమ్మును, ఊరు విడిచి యుండుటయు కావలెను.

ఇక మా దర్శి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు ఇది నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలునకు ఇంచుమించు 60 కిలోమీటర్లు. కుమారుని అక్కడికో గుంటూరుకో పంపదలచిన తండ్రి మొదట ఫీజెంతయని యడుగును. కుమార్తె విషయమున మొదట దారిని, వసతిని, తోడును అడుగును. మిరపకాయల కోత ఆడువారి చేతిపని. అది ముమ్మరముగా సాగు మాసములలోనే ఇంటర్మీడియేటు పరీక్షలు వచ్చును. తల్లి తెల్లవాఱకముందే చేనికి పోయినచో వంటయు, చంటిపిల్లలును, పాడిగేదెయు ఎవరి పాలబడును? ఒక్కరి శిక్షణకే సొమ్ము చాలు నింట దానిని ఎవరి పేర కట్టుదురో మా చదువరులకు చెప్పనక్కఱలేదు.