కేసరి పప్పు కథ: బెంగళూరు నుంచి ఉస్మానియా దాకా

కందిపప్పులో కేసరి పప్పు కల్తీ చేస్తారని, అది తింటే కాళ్ళు పడిపోతాయని బడిలో చదువుకున్నవాళ్ళు మనలో చాలామందే వున్నారు. ఆ ఒక్క వాక్యం వెనుక వున్న పరిశోధనలో ముఖ్యమైన భాగం మన బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ జరిగిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. కన్నడసీమలో స్థిరపడిన మనబోటివాళ్ళు తెలుసుకోదగినది గనుక రాస్తున్నాను.

కేసరి నిజానికి పేదరైతు పంట. వాన ముఖం చాటేసినా, పొలంలో నీరు నిలిచినా తట్టుకుంటుంది. వరి కోతకు ముందే తడినేల మీద గింజలు చల్లితే దున్నకుండానే పండుతుంది. విదర్భలో దీన్ని లాఖోడి అంటారు. అన్ని పంటలూ పోయిన ఏడాది ఇదొక్కటే మిగులుతుంది. ప్రమాదం కూడా అక్కడే వుంది. సాగర్ ప్రాంతంలో 1829లో వడగళ్ళకు, 1830లో అనావృష్టికి, 1831లో తెగులుకు గోధుమ పోయిందనీ, జనం కేసరి తిని బతికారనీ, పడుచువాళ్ళకు నడుము కింది భాగం చచ్చుబడిపోయిందనీ స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి రాసిపెట్టాడు. తర్వాత రీవా ప్రాంతంలో భూస్వాములు పాలేళ్ళకు ఈ గింజలనే కూలిగా కొలిచేవారు. కరువు పోయినా అక్కడ జబ్బు పోలేదు.

1961లో కేంద్ర ప్రభుత్వం ఆహార కల్తీ నిరోధక నియమాల కింద కేసరి అమ్మకాన్ని నిషేధించింది. కొన్ని రాష్ట్రాలు దాన్ని అమలు చేయలేదు. చట్టం వచ్చేనాటికి ఆ గింజలో వున్న విషమేమిటో ఎవరూ తేల్చలేదు.

తేల్చింది మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే బెంగళూరు విజ్ఞాన సంస్థలో. ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గార్లు కేసరి గింజల నుంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1964లో ప్రకటించారు. ఇప్పుడు దాన్ని పొట్టిగా ఓడాప్ అంటున్నారు. అదే ఏడాది ఢిల్లీలో టి.ఆర్. శేషాద్రి గారి బృందం కూడా దీన్ని పట్టుకుంది. ఆయన అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించినవారు.

ఈ విషం మన మెదడులో సహజంగా వుండే గ్లూటమేట్‌ను పోలివుంటుంది. నరకణాలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకోవడానికి గ్లూటమేట్ కావాలి. దాని వేషంలో ఓడాప్ వచ్చి కూర్చుంటే ప్రేరణ ఆగదు. కాళ్ళను కదిలించే నరకణాలు అలసి చచ్చిపోతాయి. బుద్ధి చెడదు, మాట పోదు, ప్రాణమూ పోదు. కానీ పోయిన కాళ్ళు తిరిగిరావు.

పార్కిన్సన్, అల్జీమర్స్ వంటి జబ్బులలో చాలామటుకు ఫలానా వస్తువే కారణమని వేలు పెట్టి చూపలేం. ఇక్కడ చూపగలం. అందుకే ఈ పరిశోధన ఒక్క పప్పుతో ఆగలేదు. ఈ మార్గంలోనే వెతికిన వేగా, బెల్ అనే శాస్త్రజ్ఞులు 1967లో సైకస్ జాతి గింజల నుంచి ఓడాప్‌ను పోలిన మరో అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. గువామ్ దీవిలోని వింత నరాల జబ్బుకు అది కారణమా అన్న చర్చ దశాబ్దాలు సాగింది. బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఓడాప్ దెబ్బతీస్తుందని 1993లో చూపారు. ఆవిడ విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినవారు. ఈ జబ్బు ఆడవాళ్ళకంటే మగవాళ్ళకు ఎందుకు ఎక్కువ వస్తుందన్న ప్రశ్నకు కూడా ఆవిడ బృందం ఎలుకల్లో జవాబు వెతికింది.

ఇంతకంటే నాకు గొప్పగా తోచేది రావు గారు తర్వాత చేసిన పని. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వుంటూ, గింజలో ఓడాప్ ఎంత వుందో రంగును బట్టి కొలిచే తేలిక పద్ధతిని 1978లో ప్రకటించారు. విషం వుందని తెలిస్తే భయపడటమే మిగులుతుంది. ఎంత వుందో తెలిస్తే తక్కువ వున్న మొక్కను ఏరుకోవచ్చు. విషం తగ్గిన రతన్, ప్రతీక్, మహాతివ్‌డా వంటి రకాలు రావాలంటే ఇలాంటి కొలత లేనిదే కుదరదు.

విషాన్ని బయటపెట్టిన ఆయనే 2011లో ఆ పప్పు తరఫున మాట్లాడారు. అందులో మేలుచేసే హోమో ఆర్జినిన్ కూడా వుందనీ, ఇతర ఆహారంతో కలిపి మితంగా తింటే అంత భయం అక్కరలేదనీ రాశారు. దీనితో అందరూ ఏకీభవించలేదు. అయినా తాను వేసిన నిందను తానే తూకం వేసి చూసుకున్న నిజాయితీ అందరికీ వుండదు.

ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చేస్తే విషం చాలావరకు పోతుందని కూడా హైదరాబాదు పోషకాహార సంస్థవారు ఏనాడో చెప్పారు. కానీ కరువు రోజుల్లో అన్ని నీళ్ళెక్కడివి, అంత కట్టె ఎక్కడిది? నెలల తరబడి మరో తిండి లేకుండా ఇదే తిన్నవాళ్ళకే కాళ్ళు పోయాయి. కందిపప్పు, జొన్నరొట్టె కొనుక్కోగలిగినవాళ్ళ యిళ్ళలో ఈ జబ్బు అడుగుపెట్టలేదు. నరకణాలు క్షీణించే జబ్బులలో పూర్తిగా రాకుండా ఆపగలిగినది యిది. విషం పేరు, దాని కొలత మనవాళ్ళు చెప్పారు. కూలివాడి గిన్నెలో రెండో పప్పు వుండేలా చూడటం ప్రయోగశాల చేయగల పని కాదు.