ఎర్రచందనానికి వాసన లేదు

చందనం అంటే ఏమిటని బడిలో పిల్లల్ని అడగండి. మదనపల్లె, పుంగనూరు వైపు చాలామంది ఎర్రచందనం పేరే చెబుతారు. శేషాచలం దగ్గరే కదా, పేపర్లో దాని వార్తలూ ఎక్కువే. కానీ ఆ చెక్కను అరగదీసినా ముక్కుకు తగిలేది దాదాపు ఏమీ ఉండదు. దాని విలువంతా రంగులోనూ గట్టిదనంలోనూ ఉంది. ఒకప్పుడు యూరప్‌కు అద్దకపు రంగు కోసం పోయింది. తరువాత చైనాకు సామాన్ల కోసం, జపాన్‌కు వాద్యాల కోసం పోయింది. మన పూల అంగట్లో కనకాంబరం కూడా ఇంతే. కంటికి బాగుంటుంది, వాసన ఉండదు. అందుకే దండలో మరువం కలిపి కడతారు.

వాసన ఉన్నది గంధపు చెట్టుకు. అదీ చేవలోనే, పైచెక్కలో ఉండదు. ఆ చెట్టు వేళ్ళు పక్క చెట్ల వేళ్ళను పట్టుకుని కొంత ఆహారం లాక్కుంటాయి. చేవ ముదరడానికి ఏళ్ళు పడుతుంది. సెంటు తయారుచేసేవాళ్ళకు ఆ నూనె ఎందుకంత ముఖ్యమంటే, పూల వాసన తొందరగా ఎగిరిపోతుంది, గంధం నిలిచి దాన్ని పట్టి ఉంచుతుంది.

1792లో టిప్పు సుల్తాన్ మైసూరులో గంధపు చెట్టును రాచచెట్టుగా ప్రకటించాడు. ఎవరి పొలంలో మొలిచినా చెట్టు రాజుదే. 1914లో యుద్ధం వచ్చి యూరప్‌కు దుంగలు పోవడం ఆగింది. దాంతో 1916లో మైసూరు ప్రభుత్వమే బెంగళూరులో గంధపునూనె ఫ్యాక్టరీ పెట్టింది. ఆ సబ్బు కథ అందరికీ తెలుసు. అడవిలో చెట్టును గుర్తుపట్టినవాడి కథ మాత్రం ఎక్కడా కనిపించదు.

మన వైపు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీత గీసినచోట వేరు తవ్వాలన్నా, బంక తీయాలన్నా అనుమతి కావాల్సి వచ్చింది. యానాదుల బతుకు చాలా చోట్ల వేర్లు, మూలికలు, తేనె మీద ఆధారపడింది. నేల కింది గడ్డను ఆకు చూసి కనిపెట్టి, గిల్లి వాసన చూసి తేల్చుకోవడం వాళ్ళ చదువు. దీన్ని విద్య అని ఎవరూ రాసిపెట్టలేదు. వైన్ గ్లాసు ఊపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడికి మాత్రం నిపుణుడని పేరు. ఈతకల్లు పొద్దున ఎలా ఉంటుందో, ఎండెక్కాక పులిసి ఎలా మారుతుందో వాసనతోనే చెప్పేవాళ్ళు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆ ఈతాకుతోనే ఎరుకల వాళ్ళు చాపలు అల్లారు. రైలు రాకముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసిన ఈ జనాన్నే మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద చేర్చింది. 1952లో ఆ చట్టం పోయింది గానీ అనుమానపు చూపు పోలేదు.

శేషాచలం కొండల్లో పుట్టి పెరిగే ఒక చెట్టు ఉంది, కొండసాంబ్రాణి. దాని బంకను నిప్పుల మీద వేస్తే ఇల్లంతా వాసన పడుతుంది. గాటు లోతుగా పెడితే చెట్టు చస్తుంది, అదీ సేకరించేవాళ్ళకు తెలియాల్సిన సంగతే.

2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ ఎర్రచందనం నరకడానికి వచ్చారని పోలీసులు చెప్పారు. వాళ్ళంతా తమిళనాడు కూలీలు. వారిలో జవ్వాది కొండల మలయాళీ గిరిజనులు ఉన్నారు. కుప్పం నుంచి ఆ కొండలు ఎంతో దూరం కాదు. దుంగ కొనే పెద్దలు ఎవరూ ఆ రోజు అడవిలో లేరు.

2006 అటవీ హక్కుల చట్టం తేనె, మైనం, వేర్లు, దుంపలు, మూలికల వంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవి బిడ్డలకు యాజమాన్యం ఇచ్చింది. కలప అందులో లేదు. ఉపాధ్యాయులు ఆ జాబితాను తరగతిలో చదివించి, ఒక్కో పేరుకు తాతలూ అవ్వలూ ఏ వాసన చెబుతారో పిల్లల చేత రాయించవచ్చు.