తేజస్ తోక: గాలి ఎక్కడ లీకైంది?

కుక్కర్ గ్యాస్కెట్ లీకైతే అన్నమే పాడవుతాది. విమానం తోకైతే?

2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ వెనక, కోట హరినారాయణ గారి టీమ్‌తో పాటు బెంగళూరు ఎన్‌ఏఎల్ వాళ్లూ ఉన్నారు. నిలువు తోక పైచర్మాన్నీ, లోపలి పక్కటెముకల్నీ విడిగా చేసి బోల్టులు బిగించకుండా, ఆటోక్లేవ్‌లో ఒకేసారి ఉడికించి అతికించే పద్ధతి తెచ్చారు. బరువు తగ్గింది, రిస్కు పెరిగింది. వ్యాక్యూమ్ బ్యాగుకి చిన్న చిల్లు పడినా బయటి గ్యాస్ లోపలికి దూరుతుంది. పొరలు గట్టిగా అదుముకోవు, రెసిన్‌లో బుడగలు మిగుల్తాయి. మొత్తం ముక్క స్క్రాప్‌కే పోవచ్చు. (మా కోడ్‌కైతే రోల్‌బ్యాక్ ఉంటాది!)

అందుకే వేడి పెట్టకముందే పంపు లైన్ మూసి గేజ్ చూస్తారు. ముల్లు పడిందంటే ముందు సీలెంట్ టేపు మూలలు, తర్వాత బ్యాగు మడతలు, థర్మోకపుల్ వైర్లు బయటికొచ్చే చోటు వెతకాలి. చెవి పెడితే ‘స్స్’ అని వినపడతాది కూడా.