పెట్రోలు బంకులలో భూగర్భ ఇంధన గొట్టాల భద్రత: ఫైబర్‌గ్లాస్ రెండు పొరల గొట్టాల అమరిక, మరమ్మతు

(ప్రత్యేక వ్యాసం)

నంద్యాల జిల్లా వెలుగోడులో తెలుగుగంగ పథకం క్రింద 16.95 టి.ఎం.సి.ల సామర్థ్యం గల జలాశయం ఉన్నది. శ్రీశైలం జలాలు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా ఇచటికి చేరి, ఇచటి నుండి బ్రహ్మంసాగరం వైపు సాగుతాయి. తాగునీటికి, సాగునీటికి ఇంతటి ప్రాధాన్యం గల ప్రాంతంలో భూమిలో పాతిన ఇంధన ట్యాంకులు, గొట్టాల స్థితిని గురించి అధికారులు, పాత్రికేయులు తెలిసి ఉండడం అవసరం. పెట్రోలు బంకు నుండి చమురు కారినచో ముందుగా చెడిపోయేది జలాశయం కాదు. బంకు పక్కనే ఉన్న బోరుబావి. పెట్రోలులోని బెంజీను కాన్సరు కారకము. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇంత స్వల్ప పరిమాణాన్ని రుచి చూసిగాని, వాసన చూసిగాని పసిగట్టుట సాధ్యం కాదు.

బంకులో కంటికి కనిపించేది డిస్పెన్సరు మాత్రమే. దానికీ, భూగర్భ ట్యాంకుకూ నడుమ గొట్టాలు భూమిలోనే ఉంటాయి. పూర్వం అన్నిచోట్లా ఇనుప గొట్టాలు, జి.ఐ. గొట్టాలు వేసేవారు. తడి నేలలో ఇవి తుప్పుపట్టి, మరల వద్ద ముందుగా కారుతాయి. అమెరికాలో ఈ సమస్య తీవ్రరూపం దాల్చగా 1984లో అచటి చట్టసభ భూగర్భ ట్యాంకులపై ప్రత్యేక శాసనం చేసింది. 1988లో వివరమైన నిబంధనలు వెలువడ్డాయి. నాటి నుండి ఆ దేశంలో నిర్ధారణ అయిన కారుడు ఘటనలు 5 లక్షలకు పైబడినవి. అందువలననే గొట్టంలో గొట్టం అనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. లోపలి గొట్టంలో ఇంధనం పారుతుంది. అది కారినచో వెలుపలి గొట్టం ఆ చమురును మట్టిలోకి పోనీయక, వాలు వెంబడి ట్యాంకు వద్దనున్న సంపులోకి చేర్చుతుంది. సంపులో అమర్చిన సెన్సారు హెచ్చరిక చేస్తుంది.

గాజునారను రెజినుతో కలిపి చేసిన ఫైబర్‌గ్లాస్ గొట్టం తుప్పుపట్టదు. దీనితో పాటు వంగే గుణం గల పాలిథిలీన్ రెండు పొరల గొట్టాలు కూడా వాడుకలో ఉన్నవి. పి.వి.సి. గొట్టాల తయారీకి నంద్యాల పేరుగాంచిన పట్టణమైనను, పొలాలకు వాడే ఆ గొట్టాలు ఇంధనానికి పనికిరావు. పెట్రోలు తాకిడికి పి.వి.సి., దాని అతుకు జిగురు మెత్తబడిపోతాయి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలోని నల్లరేగడి నేల ఈ పనిలో ప్రధాన చిక్కు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు వాసే ఈ మట్టి గొట్టాన్ని ఏడాది పొడవునా కదుపుతూనే ఉంటుంది. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు భయం లేదుగాని, ఒకేచోట రాయి ఒత్తినచో పగిలే స్వభావం ఉన్నది. కనుక తవ్విన రేగడిమట్టితోనే కందకాన్ని పూడ్చరాదు. అడుగున సుమారు 150 మిల్లీమీటర్ల మందాన శుభ్రమైన ఇసుకగాని, బఠాణీ గింజంత గుండ్రని గులకరాళ్లుగాని పరచి, గొట్టం చుట్టూ, పైన కూడా అదే నింపాలి. గొట్టంపై కనీసం 450 మిల్లీమీటర్ల కప్పు ఉండాలి. సంపు వైపు నూటికి ఒక వంతు వాలు ఉంచుతారు. వాలు తప్పినచో కారిన చమురు మధ్యలోనే నిలిచిపోయి, సెన్సారుకు చేరదు. అప్పుడు రెండవ పొర ఉండియు ప్రయోజనం శూన్యం.

అతుకు వేయుటలోనే పనివాని నైపుణ్యం తెలుస్తుంది. గొట్టాన్ని సన్నని పళ్ల రంపంతో నిటారుగా కోసి, కొసను ప్రత్యేక సాధనంతో ఏటవాలుగా చెక్కుతారు. నిగనిగలాడే పైపొర పోయేవరకు గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచిన తరువాత ఆ భాగాన్ని చేతితో తాకరాదు. చేతి చెమట, నూనె సైతం అతుకును చెరుపుతాయి. రెండు భాగాల ఎపాక్సీ జిగురును కలిపి, పలుచగా పూసి, గొట్టాన్ని చివరి వరకు బిగించి, గట్టిపడేవరకు కదపక ఉంచాలి. కలిపిన జిగురు వేసవిలో త్వరగా బిగుసుకుపోతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవి రోజులలో ఈ పని తెల్లవారుజామున, నీడలో చేయుట మేలు. బిగుసుకొనుట మొదలైన జిగురును రుద్ది సరిపెట్టిన అతుకు తొలి పరీక్షలో నిలిచినను, ఎంతకాలం నిలుచునో చెప్పలేము.

వెలుపలి గొట్టాన్ని ముందుగానే లోపలి దానిపైకి తొడిగి ఉంచుతారు. లోపలి అతుకులన్నీ బయటకు కనిపిస్తుండగానే గాలి పీడనం పెట్టి, సబ్బు నీటితో బుడగలు వచ్చునేమో చూస్తారు. అటుపిమ్మటనే రెండు చిప్పలుగా ఉండే వెలుపలి జోడింపులను మూసి అతికిస్తారు. వెలుపలి పొరను మరింత తక్కువ పీడనంతో వేరుగా పరీక్షిస్తారు. పూడ్చే సమయంలో కూడా పీడనాన్ని నిలిపి ఉంచినచో గడ్డపార దెబ్బ తగిలిన మరుక్షణమే తెలిసిపోతుంది. గాలితో పరీక్ష అనేది ఇంధనం పోయకముందు మాత్రమే చేయదగినది. ఒకసారి పెట్రోలు పారిన గొట్టంలో గాలిని నింపుట పేలుడుకు దారితీయవచ్చును గనుక నైట్రోజన్ వంటి జడవాయువునే వాడాలి.

మరమ్మతు విషయానికి వచ్చినచో, సంపులో ఏమి చేరిందో ముందుగా చూడవలసి ఉంటుంది. నీరు చేరినచో సంపు గోడ, మూత లేక గొట్టం లోనికి వచ్చే చోటి రబ్బరు తొడుగు దెబ్బతిన్నట్లు. ఇంధనం చేరినచో లోపలి గొట్టం, మరలు లేక పంపు జోడింపు కారుతున్నట్లు. సెన్సారు మోగిన ప్రతిసారీ దానిని కట్టివేయుట కొన్నిచోట్ల అలవాటుగా మారుట విచారకరం. లోపం నిర్ధారణ అయిన పిమ్మట ఆ వరుసను వేరుపరచి, ఖాళీచేసి, ఆవిరిని తొలగించి, యంత్రంతో గాక చేతితో తవ్వాలి. ఇంధనంతో తడిసిన ఫైబర్‌గ్లాస్‌కు జిగురు పట్టదు. పగులుపై లప్పం రాసి కట్టు కట్టుట మరమ్మతు కాదు. శుభ్రమైన భాగం వచ్చేవరకు కోసివేసి, తయారీదారు సూచించిన జోడింపులతో క్రొత్త ముక్కను అతికి, రెండు పొరలను మరల పరీక్షించాలి. అమెరికా నిబంధనల ప్రకారం మరమ్మతు అయిన 30 రోజులలోగా ఈ పరీక్ష జరగాలి. తుప్పుపట్టి కారిన ఇనుప గొట్టాన్ని మాత్రం అచట మరమ్మతు చేయనీయరు, మార్చవలసిందే.

పెట్రోలులో ఇథనాల్ కలుపుట వలన జాగ్రత్త మరింత అవసరమైనది. మన దేశంలో ఈ మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకొనును. నీరు ఎక్కువైనచో ఇథనాల్‌తో కలిసి అడుగుకు చేరి, వాహనాలు ఆగిపోవుటకు కారణమగును. గొట్టం, జిగురు, రబ్బరు తొడుగులు ఈ మిశ్రమానికి తగినవని తయారీదారు నుండి ధ్రువీకరణ పొందుట మంచిది.

మన దేశంలో బంకుల ఏర్పాటు 1934 పెట్రోలియం చట్టం, 2002 పెట్రోలియం నిబంధనలకు లోబడి ఉంటుంది. 144వ నిబంధన క్రింద జిల్లా అధికారి నిరభ్యంతర పత్రం, ఆపై నాగపూరు కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నుండి 14వ నమూనా లైసెన్సు పొందాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం క్రొత్త బంకు పాఠశాలలు, పది పడకలు లేక అంతకు పైబడిన ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుండి 50 మీటర్ల దూరంలో ఉండాలి. స్థలాభావం ఉన్నచో అదనపు భద్రతా చర్యలతో సడలింపు లభించినను 30 మీటర్లకు తగ్గరాదు. తనిఖీకి వెళ్లే అధికారులు డిస్పెన్సరు కొలతతో పాటు సంపు మూత తెరిపించి, అది పొడిగా ఉన్నదీ లేనిదీ, సెన్సారు తీగ కలిపి ఉన్నదీ లేనిదీ, రోజువారీ నిల్వ లెక్కలలో తేడాలు ఎన్నాళ్లుగా కనిపిస్తున్నవీ పరిశీలించవచ్చును.